ఎరుక అలవాటైపోయాక అది ఎరుకేనా?

నీలిమేఘం:
ఏడు నెలలుగా గిన్నెలు కడిగేటప్పుడు ఫోన్ పక్క గదిలో పెట్టేస్తున్నాను. ఎరుకతో బతకడం (మైండ్‌ఫుల్‌నెస్), అంటే చేస్తున్న పని మీదే మనసు పెట్టడం, ఏదో ఒక చిన్న పనితో మొదలుపెట్టమంటే ఇది పట్టుకున్నాను. మొదట్లో నిజంగానే బాగుండేది. నీళ్ళలో నాని వేళ్ళ చివర్లు ముడతలు పడటం, గ్లాసు అంచు మీద వేలు జారితే కీచుమనడం, ఇవన్నీ ఇన్నేళ్ళూ నాకెందుకు తెలియలేదా అనిపించేది. మొన్న రాత్రి సింకు ఖాళీ అయ్యాక చూసుకుంటే ఒక్క గిన్నె కడిగినట్టు కూడా గుర్తులేదు. ఆఫీసులో పడ్డ మాటల్నే అరగంటసేపు తలలో తిప్పుతూ ఉన్నాను.

నా వాదన ఇదీ. అలవాటంటేనే మనసు పెట్టకుండా చేతులు పని చేసుకుపోవడం. ఎరుక దానికి సరిగ్గా ఎదురు. మరి ఎరుకను అలవాటు చేసుకోవడమేమిటి? కాదంటే ఎందుకో చెప్పండి.

అడుగులు:
కాదనే అంటాను నీలిమేఘం గారూ. అలవాటు గురించి మీరన్నది నిజమే. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. ఒక పని ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి సుమారు 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. ఏడు నెలల్లో గిన్నెలు చేతులకి అలవాటైపోవడంలో వింతేమీ లేదు.

కానీ మీకు అలవాటైంది ఫోన్ పక్కన పెట్టడం. అందుకిప్పుడు మనసుతో పెనుగులాడక్కర్లేదు, అది లాభమే. ఎరుక వేరు. 1979లో మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణలో మనసు పక్కకి పోకూడదన్న నియమమే లేదు. పోయిందని తెలియడం, వెనక్కి తెచ్చుకోవడం, సాధనంతా అదే. మీకు చివర్లోనైనా తెలిసింది కదా?

మౌని:
ఆ అరగంటా ఆయన తలలో తిరిగింది ఏమిటో ఎవరూ అడగరేం? ఆఫీసులో పడ్డ మాటలు. దాన్ని మనసు చెదరడమని ఎందుకు కొట్టేయాలి? మా పై అధికారి అర్ధరాత్రి సందేశాలు పంపినప్పుడల్లా నేను ఏడాదిపాటు శ్వాస గమనిస్తూ కూర్చున్నాను. భరించకూడనిది భరించడం బాగా నేర్చుకున్నాను, అంతే. రాత్రి తొమ్మిది దాటాక జవాబివ్వనని చెప్పిన రోజున నిద్ర పట్టింది. బ్రిటన్‌లో 8 వేలమందికి పైగా బడిపిల్లలతో చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. మైండ్‌ఫుల్‌నెస్ నేర్చుకున్న పిల్లల మానసిక ఆరోగ్యం మిగతావాళ్ళకంటే మెరుగేమీ కాలేదు.

అడుగులు:
ఆ పిల్లల్లో చాలామంది ఇంటిదగ్గర సాధన చేయలేదండీ. అది పక్కనపెడితే, మీ నిద్ర తినేస్తున్నది ఆ సందేశాలేనని మీకు ఎలా తెలిసింది?

మౌని:
శ్వాస గమనిస్తున్నప్పుడే. ఫోన్ మోగగానే దవడ బిగుసుకుపోతోందని అప్పుడే తెలిసింది, ఒప్పుకుంటాను. పిల్లలు చేయలేదంటే అది కూడా ఫలితమే కదా, చేయలేని సాధన అందరికీ మందెలా అవుతుంది? దవడ సంగతి తెలిశాక నోరు తెరిచి అడగాలి. ఆ మాట ఎవరూ చెప్పరు, నా కోపమల్లా అదే.

నీలిమేఘం:
మౌని గారి మాట తగిలింది. ఇవాళ స్క్రబ్బర్ ఎడమచేత్తో పట్టుకున్నాను. ప్లేటు రెండుసార్లు జారింది, నురగ మోచేతి దాకా పాకింది, ప్రతి గిన్నే మళ్ళీ కనిపించింది. అందుకే అలవాటు ఎరుకను తినేస్తుందన్న మాట వెనక్కి తీసుకోను. మూడో ప్లేటు దగ్గర ఆ ఆఫీసు మాటలే మళ్ళీ వచ్చాయి. ఈసారి తరిమేయలేదు. కుళాయి కట్టేసి, చేయి తుడుచుకుని, ఆ మాటలన్న ఆయనతో ఏం చెప్పాలో నాలుగు వాక్యాలు రాసుకున్నాను. రేపు పొద్దున మాట్లాడతాను. మిగతా గిన్నెలు ఇంకా సింకులోనే ఉన్నాయి.