‘ఆడపిల్లే కదా’: ఒకే మాట, రెండు నోళ్లు

కెనడా రచయిత్రి ఆలిస్ మన్రో కథ ‘బాయ్స్ అండ్ గర్ల్స్’ను తెలుగు చేస్తూ ‘ఓన్లీ ఎ గర్ల్’ అన్న మాట దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. కథలో అది రెండుసార్లు వస్తుంది. నక్కలను పెంచే తండ్రి తన కూతురిని ‘మా కొత్త పనివాడు’ అని దాణా అమ్మే మనిషికి చూపిస్తే, అతను హాస్యానికి ఆ మాట అంటాడు. ఆఖర్లో మళ్లీ. నక్కల మేత కోసం చంపబోతున్న ఆడగుర్రం తప్పించుకుంటుంది. గేటు వెయ్యమని తండ్రి అరుస్తుంటే ఈ పిల్ల బార్లా తెరుస్తుంది. భోజనాల దగ్గర తమ్ముడు సంగతి బయటపెడతాడు. తండ్రి తిట్టడు, అదే మాట అంటాడు.

‘ఆడపిల్ల మాత్రమే’ అంటే పరీక్ష జవాబులా ఉంది. ‘ఉత్త ఆడపిల్ల’ అంటే తిట్టులా ఉంది. మీ ఇద్దరైతే ఏం రాస్తారు?

*

‘ఆడపిల్లే కదా’. ‘పోనీలే’ అన్న ధ్వని అందులోనే ఉంది, క్షమించడమూ తీసిపారేయడమూ రెండూ. దాణా మనిషి చేత కూడా ‘ఆడపిల్లే కదా అనుకున్నాను’ అనిపించండి. రెండు చోట్లా మాట మారకూడదు.

మరో చిక్కు చూశారా? అతను ‘షి’ అనడు, ‘ఇట్’ అంటాడు. అమ్మాయి వచ్చింది, గుర్రం వచ్చింది: మనకు క్రియ ఒకటే. అక్కడ చురుక్కుమనేది ఇక్కడ వ్యాకరణంలో కలిసిపోతుంది. దీనికి నా దగ్గర మందు లేదు.

*

మన్రో 1931లో కెనడాలోని ఒంటారియోలో, వింగ్‌హమ్‌లో పుట్టారు. తండ్రి నిజంగానే బొచ్చుతోళ్ల కోసం వెండినక్కలను పెంచేవారు. ఆవిడ నిజంగా గేటు తెరిచారా అన్న ఆరా నాకు అక్కర్లేదు. నక్కలకు నీళ్లు మోసే చోటు చదవండి. అక్క చేతిలో నాన్న వాడే పెద్ద డబ్బా, తమ్ముడి చేతిలో మొక్కలకు పోసే బుల్లి డబ్బా. వాడు అంచుదాకా నింపుకుని బూట్ల మీద ఒలకబోసుకుంటాడు. ఆ పనిలో పెరిగిన మనిషికే ఇది గుర్తుంటుంది. ఆ పెద్ద డబ్బాతో నాన్న పక్కన దొరికిన చోటునే తర్వాత ఒక్క మాట లాగేసుకుంటుంది.

‘గర్ల్’ అన్నది అంతకుముందు ‘చైల్డ్’ లాగే బరువు లేని మాట అనుకున్నానని ఆ పిల్లే చెప్పుకుంటుంది కదా. దానికి తెలుగులో దారి సిద్ధంగా ఉంది. మొదట అంతా ‘పిల్ల’ అనే రాయండి. ‘ఆడపిల్ల’ మొదటిసారి దాణా మనిషి నోట వినపడాలి. ‘ఆడపిల్ల ఆడ పిల్లే కానీ ఈడ పిల్ల కాదు’ అంటారు మన పెద్దవాళ్లు. వ్యుత్పత్తిగా అది నిలవదు, కానీ నక్కల దొడ్డిలోంచి వంటింటికి తరలాల్సిన ఈ పిల్లకు అతికినట్టు సరిపోతుంది.

*

ఇద్దరికీ ధన్యవాదాలు. నా చిత్తుప్రతి మొదటి పేజీలోనే ‘ఆడపిల్ల’ నాలుగుసార్లు ఉంది, కొట్టేశాను. ‘ఆడపిల్లే కదా’ రెండు చోట్లా కుదిరింది. తీరా చూస్తే నేను పెట్టుకున్న శీర్షిక ‘మగపిల్లలు, ఆడపిల్లలు’. దాణా మనిషి కంటే ముందు నేనే ఆ మాట అనేస్తున్నాను. ఇప్పుడు దీన్ని ఏం చేయాలి?