షిండెన్ మోడల్‌పై రంగు పొడిపొడిగా పడుతోంది, సాయం చేయండి
అనంతపురం ఎండకు రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్ యుద్ధవిమానం షిండెన్ 1/48 స్కేలు మోడల్ రెక్క మీద ఎయిర్‌బ్రష్‌తో కొట్టిన ముదురాకుపచ్చ గాల్లోనే ఆరిపోయి గరుకు కాగితంలా పడుతోంది. రెక్క ఒంటిని కలిసే మూలలో మరీ ఎక్కువ. అక్కడ గాలి సుడి తిరుగుతుంది కదా! నాజిల్ 0.3 మి.మీ., పీడనం 20 పీఎస్ఐ, దూరం 10 సెం.మీ.; అక్రిలిక్ ఒక వంతుకు థిన్నర్ ఒకటిన్నర. పీడనం 15కి దించి, 5 సెం.మీ. నుంచి కొడితే సరిపోతుందా, రంగు ఆరడాన్ని నెమ్మది చేసే రిటార్డర్ తప్పదా? కలిపితే పది మిల్లీలీటర్లకు ఎన్ని చుక్కలు? ఎక్కువైతే రంగు మెత్తగా ఉండిపోయి మాస్కింగ్ టేపుతో పాటు లేచొస్తుందని భయం.

ఇంకొకటి. 1945 ఆగస్టు 3న తొలిసారి ఎగిరిన ఈ విమానానికి ఇంజను, ఆరు రేకుల ప్రొపెల్లర్ వెనకే ఉంటాయి. ముక్కులో బరువు పెట్టకపోతే మోడల్ వెనక్కి ఒరుగుతుంది. సీసం గుళ్లను ఫెవికాల్‌తో కాకుండా ఎపాక్సీతోనే అతికిస్తాను; తెల్ల జిగురుతో సీసం ఉబ్బి అతుకులు పగులుతాయి. ఎన్ని గ్రాములు పెట్టారో కట్టినవాళ్లు చెప్పండి.