పుస్తక చర్చకు బయటి అతిథి ఎందుకు? మనలో మనం మాట్లాడుకోలేమా?

గది తాళం:
మన చదువుగదిలో ప్రతి నెలా రెండో ఆదివారం జరిగే పుస్తక చర్చ గురించి. పద్ధతి పాతవాళ్లకు తెలిసిందే, కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను. బయటి ఊరి నుంచి ఒక వక్త వస్తారు. మన సభ్యుల్లో ఒకరు ఆ నెలకి ఆతిథ్యం తీసుకుంటారు. అంటే శ్రీకాకుళం రోడ్ అని బోర్డు ఉండే ఆమదాలవలస స్టేషన్‌కి వెళ్లి తీసుకురావడం, మధ్యాహ్నం ఇంట్లో భోజనం, సాయంత్రం సభకు అధ్యక్షత, చివర్లో శాలువా. వచ్చే నెలకు విశాఖ నుంచి ఒక విమర్శకుడు ఒప్పుకున్నారు. ఆతిథ్యానికి మాత్రం ఎవరూ ముందుకు రావడం లేదు. పోయిన నెల కూడా ఇంతే, చివరికి మా ఇంట్లోనే పెట్టుకున్నాం. ఎవరు తీసుకుంటారో చెప్పండి.

పొందూరు నూలు:
ఎవరూ ముందుకు రావడం లేదంటే ఆ పద్ధతి ఎవరికీ వద్దనే కదా. ఆర్నెల్లు అతిథులను ఆపేద్దాం. నెలకొకరం పుస్తకం చదివి మనమే మాట్లాడదాం. ఇక ఆ శాలువా. మే నెలలో, ఫ్యాను కింద కూడా చెమటలు కారుతుంటే, సిల్కో పాలిస్టరో తెలియని గుడ్డ తెచ్చి మనిషి మీద కప్పుతాం. ఫొటో అయ్యేదాకా ఓర్చుకుని ఆయన దాన్ని మడతపెట్టి సంచిలో పడేసుకుంటాడు. పక్కనే పొందూరు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో వడికి నేసే ఖద్దరు. మనకి మాత్రం బజారు శాలువాయే కావాలి.

లెక్కల మాస్టారు:
నూలు గారూ, శాలువా 280 రూపాయలు. పొందూరు పంచె ఎంతో నాకంటే మీకే బాగా తెలుసు. గది ఖాతాలో పోయిన నెల మిగులు 1,140. లెక్క మీరే చెయ్యండి.

పొందూరు నూలు:
పంచె అన్నానా? తువ్వాలు చాలు. అసలు తువ్వాలూ వద్దు. మనిషే వద్దంటుంటే బట్ట గొడవ ఎందుకు?

ఆమదాలవలస ఆటో:
బట్ట సంగతి తీసింది మీరే కదండీ.

గది తాళం:
మనలో మనం మాట్లాడుకోవడం కూడా చేసి చూశాం. మొదటి ఏడాదంతా అదే. ఏడుగురం వచ్చేవాళ్లం, నలుగురు పుస్తకం తెరవకుండానే వచ్చేవారు. మూడో నెలకల్లా చర్చ కుళాయి నీళ్ల మీదకీ, పెన్షన్ బకాయిల మీదకీ పోయింది. బయటి మనిషి వస్తున్నాడంటే సిగ్గుకైనా నాలుగు పేజీలు తిప్పుతారు. పైగా ఇదేమైనా మామూలు ఊరా? కథకుడు కాళీపట్నం రామారావు గారు, అదే మన కారా మాస్టారు, 1997లో ఇక్కడే శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు, అచ్చయిన తెలుగు కథలన్నీ ఒకచోట ఉండాలని. ఎక్కడెక్కడి రచయితలో, పరిశోధకులో వచ్చి వెళ్తుంటారు. ఆ రాకపోకల వల్లే ఊరికి సాహిత్యం అంటింది. తలుపులు మూసుకుంటే అంటదు.

పొందూరు నూలు:
ఆ ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతుంది. కథానిలయానికి పరిశోధకులు వచ్చేది వెతుక్కోవడానికి, చదువుకోవడానికి. ఉపన్యాసం దంచడానికి కాదు. మాస్టారు తన అవార్డు డబ్బు కథల కోసం పెట్టారు. శాలువాల కోసం పెట్టలేదు.

విజయనగరం కోట:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. గురజాడ వారి నాటకం 1892లో మొదటిసారి ఆడింది మా విజయనగరంలో. మేమూ చర్చలు పెట్టుకుంటాం. శాలువాతో పాటు బొబ్బిలి వీణ బొమ్మ కూడా ఇస్తాం. అతిథిని వెలితిగా పంపితే ఊరికి నామోషీ కాదా?

లెక్కల మాస్టారు:
వీణ బొమ్మ ధర కూడా చెప్పి పుణ్యం కట్టుకోండి.

హైదరాబాద్‌లో సిక్కోలు:
ఇంత గొడవెందుకు? జూమ్ పెట్టండి. ప్రొజెక్టర్ నేను పంపిస్తాను. ఎవరూ ఎవరికీ వండిపెట్టక్కర్లేదు.

డిగ్రీ రెండో ఏడు:
నేను గ్రూప్స్‌కి చదువుకోవడానికి వస్తాను. రెండో ఆదివారం వచ్చిందంటే కుర్చీలు సర్దాలని రెండింటికే మమ్మల్ని లేపేస్తారు. దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

పొందూరు నూలు:
తమ్ముడూ, నువ్వు రెండింటికి బయటికి వెళ్తున్నావు. మేం లోపలే ఉండి కూడా బయటే ఉంటున్నాం. అధ్యక్షుల వారు ఇరవై నిమిషాలు, అతిథి గంటన్నర, ప్రశ్నలకి అయిదు నిమిషాలు. పోయిన ఏడాది నేను చెయ్యెత్తితే 'సమయాభావం' అన్నారు. ఆ తర్వాత వందన సమర్పణే పావుగంట సాగింది.

గది తాళం:
ఆ రోజు మీరు ఆ నెల పుస్తకం కాకుండా వేరే పుస్తకం పట్టుకొచ్చారు. అందుకే ఆపాను. దాన్ని ఏడాదిగా మోస్తున్నారా?

పొందూరు నూలు:
అదే రచయిత రాసిన పుస్తకం!

గది తాళం:
అదే రచయితదైనా చర్చకు పెట్టింది అది కాదు.

లెక్కల మాస్టారు:
నా దగ్గర మినిట్స్ పుస్తకం ఉంది. అందులో పుస్తకం పేరే రాయలేదు. అతిథి పేరు, శాలువా దాత పేరు ఉన్నాయి.

వంటింటి కిటికీ:
కార్యదర్శి గారు మొదట అడిగింది ఆతిథ్యం ఎవరు తీసుకుంటారని. దానికి ఒక్కరూ జవాబు ఇవ్వలేదు, అందుకని నేను చెబుతాను. ఆతిథ్యం మా ఆయన పేరు మీద, వంట నా చేతుల మీద. రెండుసార్లు చేశాం. వచ్చేది ఒక్కరే అంటారు, విస్తర్లు తొమ్మిది లేస్తాయి. అతిథికి తోడు అని ఒకరు, స్టేషన్‌కి వెళ్లినందుకు ఒకరు, ఊరికే పలకరించడానికి వచ్చి కూర్చున్నవాళ్లు ఇంకొందరు. ఆ నెల పుస్తకం నేను రెండు రాత్రులు కూర్చుని చదివాను. ఇంట్లో ఇంకెవరూ చదవలేదు. గిన్నెలు కడిగి, చీర మార్చుకుని సభకి చేరేసరికి శాలువా కప్పుతున్నారు. అధ్యక్షత మా ఆయనది.

లెక్కల మాస్టారు:
హోటల్లో పెట్టించవచ్చమ్మా. ప్లేటు 120 చొప్పున నలుగురికి...

వంటింటి కిటికీ:
మాస్టారూ, నేను ప్లేట్ల లెక్క చెప్పలేదు.

ఆమదాలవలస ఆటో:
స్టేషన్‌కి వెళ్లినందుకు ఒకరు అంటే నేనే. తప్పయింది అక్కా.

పొందూరు నూలు:
ఇప్పుడు అసలు మాట నేను అననా? కార్యదర్శి గారికి చర్చ అక్కర్లేదు. మర్నాడు పేపర్లో ఫొటో కావాలి. అతిథి లేకపోతే విలేకరి రాడు, అంతే.

గది తాళం:
అవును, ఫొటో కోసమే. ఇప్పుడేమంటారు? ఆ గది మనదా? ఊరికే వాడుకోమని ఇచ్చారు, కాగితం ముక్క లేదు. వరండాకి అవతలి గదిలో ఇప్పుడు సిమెంటు బస్తాలు ఉన్నాయి, అందరూ చూస్తున్నదే. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం కదా అని ఒకాయన నన్నే నిలదీశాడు. 1960 చట్టం ప్రకారం అది జిల్లా గ్రంథాలయ సంస్థకి పోతుంది. మనలాంటి గదికి రాదు. మనం బతికేది చందాల మీద. చందా ఇచ్చేవాడు ఏం చూసి ఇస్తాడు? ఏడుగురు కూర్చుని మాట్లాడుకోవడం చూసి ఇస్తాడా? హైదరాబాద్ తమ్ముడూ, నువ్వే చెప్పు.

హైదరాబాద్‌లో సిక్కోలు:
అబద్ధం ఎందుకు, ఫొటో చూసే పంపాను. మా నాన్న వెనక వరుసలో ఉన్నారు అందులో.

పొందూరు నూలు:
ఈ మాట ముందే చెప్పి ఉంటే సగం గొడవ ఉండేది కాదు. మిగతా సగం నేను చెబుతాను.

ఫిబ్రవరి చర్చకి మా అమ్మ వచ్చింది. అయిదో తరగతి దాకా చదువుకుంది, నలభై ఏళ్లు రాట్నం తిప్పింది. ఆ నవల మొత్తం చదివింది. లేచి అడిగింది కూడా, "ఇల్లొదిలేసినాక ఆ పిల్ల ఏటి సేస్తాది మరి, పుస్తకంలో సెప్పలేదేటి" అని. నిజంగా అడగాల్సిన ప్రశ్న. అతిథి గారు చిరునవ్వుతో "ఏటి కాదమ్మా, ఏమిటి" అన్నారు. గది నవ్వింది. కార్యదర్శి గారూ, మీరూ నవ్వారు. మైకు మీ చేతిలో ఉంది, అందుకని మీ నవ్వు పెద్దగా వినిపించింది. ప్రశ్నకి జవాబు రాలేదు. అయిదు నిమిషాల తర్వాత 'మహిళల చేతుల మీదుగా' అని పిలిచి, ఆయనకి శాలువా మా అమ్మ చేతే కప్పించారు.

ఆ రోజు తర్వాత ఆమె గది గడప తొక్కలేదు. పుస్తకాలు మాత్రం నా చేత తెప్పించుకుని చదువుతోంది.

లెక్కల మాస్టారు:
గిడుగు వారు పుట్టిన పర్వతాలపేట మన జిల్లాలోనిదే. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసి వాడుక భాష గురించి నేనే మాట్లాడతాను. ఫిబ్రవరిలో నేనూ మొదటి వరుసలోనే ఉన్నాను. నవ్వానో లేదో గుర్తులేదు. నోరు మాత్రం తెరవలేదు.

విజయనగరం కోట:
మా ఊళ్లోనైతే ఇలా జరిగేది కాదు.

ఆమదాలవలస ఆటో:
జరుగుతాదండి.

గది తాళం:
నవ్వాను. గుర్తుంది. ఆయన సరదాగా అన్నారనుకున్నాను. ఆవిడ శాలువా కప్పుతున్న ఫొటోనే పేపర్లో వచ్చింది, బాగుందని గదిలో గోడకి కూడా అంటించాను. అమ్మగారికి ఫోన్ చేయమంటారా?

పొందూరు నూలు:
ఫోన్ వద్దు. ముందు ఆ ఫొటో తియ్యండి.

గది తాళం:
తీసేశాను. కానీ విశాఖ ఆయనకి మాట ఇచ్చేశాను, రావద్దని చెప్పలేను.

పొందూరు నూలు:
రానివ్వండి. మనవాళ్లు ముగ్గురు మాట్లాడాక ఆయన మాట్లాడాలి.

గది తాళం:
అంత దూరం నుంచి వచ్చిన మనిషిని గంటసేపు వింటూ కూర్చోమంటామా?

పొందూరు నూలు:
ఏం, మనం ఇన్నాళ్లూ కూర్చోలేదా?

వంటింటి కిటికీ:
వచ్చే నెల ఆతిథ్యం నేను తీసుకుంటాను. మా ఆయన కాదు, నేను. భోజనం హోటల్లో, అతిథికీ తెచ్చినవాళ్లకీ మాత్రమే. అధ్యక్షత నాది. నూలు గారూ, మీ అమ్మగారు వస్తానంటే మొదటి ప్రశ్న ఆవిడదే. రానంటే ఆ ప్రశ్న నేను అడుగుతాను, ఆవిడ అడిగిన మాటల్లోనే.

గది తాళం:
అధ్యక్షత మార్చాలంటే కమిటీలో పెట్టాలి.

వంటింటి కిటికీ:
వంట మార్చడానికి కమిటీ అక్కర్లేదు కదా? అది మార్చేశాను.

డిగ్రీ రెండో ఏడు:
ఆ రోజు మేం రెండింటికి లేవాలా, వద్దా? లేవకపోతే కుర్చీలు మేమే సర్దుతాం.

లెక్కల మాస్టారు:
లేవక్కర్లేదు. బీరువాలో ముందే కొన్న శాలువా ఒకటి ఉంది. బిల్లు కూడా ఉంది, షాపువాడు వెనక్కి తీసుకుంటాడేమో రేపు అడుగుతాను.