సాయంత్రం నేను ఇంటికొస్తే పాప నా దగ్గరికి రాదు, అమ్మమ్మనే పట్టుకుంటోంది

వెన్నెల_అమ్మ:
మా పాపకి 11 నెలలు. 8 నెలలు నిండాక నేను మళ్ళీ ఆఫీసుకి వెళ్తున్నాను, పొద్దున ఎనిమిదిన్నరకి బయల్దేరితే తిరిగొచ్చేసరికి ఏడవుతుంది. పగలంతా మా అమ్మ దగ్గర ఉంటుంది. మొదట్లో నేను చెప్పులు వేసుకుంటుంటేనే ఏడుపు అందుకునేది, అందుకని పాప చూడకుండా వెనక నుంచి వెళ్ళిపోవడం అలవాటు చేసుకున్నాను. ఇప్పుడు ఇంకో కష్టం వచ్చింది. సాయంత్రం లోపలికి రాగానే నన్ను కళ్ళు పెద్దవి చేసి చూస్తుంది, నేను చేతులు చాచగానే మొహం తిప్పుకుని అమ్మమ్మ భుజంలో దాచేస్తుంది. నిన్న బలవంతంగా తీసుకుంటే వీపు విల్లులా వంచి ఏడ్చింది. బాత్రూమ్‌లోకి వెళ్ళి నేనూ ఏడ్చాను.

అటాచ్‌మెంట్, అంటే పిల్లలకి తమని చూసుకునేవాళ్ళతో కుదిరే గట్టి బంధం, మొదటి ఏడాదిలోనే ఏర్పడుతుందనీ, అప్పుడు తెగితే జీవితాంతం ఆ లోటు ఉండిపోతుందనీ ఎక్కడో చదివాను. నిజమేనా? ఉద్యోగం మానేయాలా? ఇంకోటి కూడా. మా ఆయన పాప ఏడవగానే ఎత్తుకోకు, ఎత్తు మరుగుతుంది అంటారు. అమ్మేమో కిక్కురుమంటే చాలు చంకనేసుకుంటుంది. ఇద్దరూ రెండు రకాలుగా ఉంటే పాప అయోమయంలో పడుతుందేమోనని టెన్షన్. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

క్రెష్_టీచర్:
అమ్మా, ఉద్యోగం గురించి మాత్రం ఈ బాధలో ఏ నిర్ణయమూ తీసుకోకండి.

నేను చైల్డ్ డెవలప్‌మెంట్ చదువుకుని 12 ఏళ్ళుగా క్రెష్‌లో పని చేస్తున్నాను. మీరు చెప్పింది సాయంత్రంపూట మా గుమ్మం దగ్గర దాదాపు రోజూ చూస్తాను. అప్పటిదాకా హాయిగా ఆడుకున్న పిల్ల అమ్మ కనిపించగానే ఏడుపు లంకించుకుంటుంది, ఇంకో పిల్లాడు నా కాలు వెనక దాక్కుంటాడు, అయిదు నిమిషాలయ్యాక ఆ పిల్లాడే అమ్మ మెడ వదలడు. ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి మారడం ఈ వయసులో చిన్న విషయం కాదు, అందులోనూ సాయంత్రానికి అలిసిపోయి ఉంటారు. పైగా 8 నెలల దగ్గర పిల్లలకి అమ్మ కనబడకపోతే బెంగ, కొత్తవాళ్ళంటే భయం మామూలుగానే మొదలవుతాయి. మీరు ఆఫీసుకి వెళ్ళడమూ సరిగ్గా అప్పుడే వచ్చిపడింది.

మీరు చదివింది బహుశా మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వవేత్త ఈ బంధాన్ని చూడటానికి పెట్టిన పరీక్ష గురించి అయ్యుంటుంది, అందులో 12 నుంచి 18 నెలల పిల్లల్ని చూస్తారు. ఓ కొత్త గదిలో సుమారు 20 నిమిషాల సేపు, తల్లి రెండుసార్లు బయటికి వెళ్ళి రెండుసార్లు తిరిగొస్తుంది. పిల్ల ఎంత ఏడ్చిందన్నదానికన్నా, తల్లి తిరిగొచ్చాక ఏం చేసిందన్నది అసలు చూసేది. దగ్గరికొచ్చి ఊరట పడిందా, చూడనట్టు ఉండిపోయిందా, ఎత్తుకోమంటూనే తోసేసిందా. ఇది చదివి మా పాప మొహం తిప్పుకుంది కాబట్టి బంధం తెగిందని అనేసుకోకండి. ఆ తీర్పు చెప్పడానికి శిక్షణ ఉన్నవాళ్ళు వీడియో పెట్టుకుని చూస్తారు, పైగా అక్కడ అమ్మమ్మ భుజం అందుబాటులో ఉండదు. మీ పాపకి ఆ వేళప్పుడు ఆ భుజం ఉంది, అందులో దాక్కుంది, అంతవరకే మనకి తెలిసింది.

మీరు గమనించాల్సింది వేరే. అమ్మమ్మ పక్కన లేనప్పుడు పడిపోతే ఎవరి వైపు పాక్కుంటూ వస్తుంది? కొత్త చోట మీ ఒళ్ళో ఉండి, కాస్త దూరం పాకి, ఓసారి వెనక్కి తిరిగి మీ మొహం చూసి మళ్ళీ ముందుకి వెళ్తుందా? రాత్రి ఉలిక్కిపడి లేస్తే మీ చెయ్యి తగలగానే సర్దుకుంటుందా?

ఇక మీరు చేయగలిగింది. ఇంటికి రాగానే తీసుకోకండి. చేతులు కడుక్కుని అమ్మ పక్కనే నేల మీద కూర్చోండి, పదినిమిషాలు చేతులు చాచకండి, తనంతట తను రానివ్వండి. పొద్దున మాత్రం దొంగచాటుగా వెళ్ళకండి, ఏడ్చినా సరే మొహం చూపించి చెప్పి వెళ్ళండి. చెప్పకుండా మాయమైతే పిల్లలకి మీరు ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఎప్పుడు పోతారోనన్న కాపలా మొదలవుతుంది.

ఇద్దరు_పిల్లల_తల్లి:
నాది వేరే మాట, ఏమనుకోకండి. మొదటి మూడేళ్ళు తల్లి ఇంట్లో ఉండాల్సిందే. నేను నా ఇద్దరికీ ఉద్యోగం మానేశాను, ఒక్కరోజు కూడా బాధపడలేదు. తల్లికి దూరమైన పిల్లలు దెబ్బతింటారని బౌల్బీ అనే మానసిక వైద్యుడు ఎప్పుడో చెప్పాడు కదా. అమ్మమ్మ ఎంత బాగా చూసినా అమ్మ అమ్మే.

క్రెష్_టీచర్:
మీరు ఇంట్లో ఉండటం మీకూ మీ పిల్లలకీ బాగుంది, సంతోషం. కానీ బౌల్బీ మాటని ఇక్కడ పెట్టడం సరికాదండి. 1951లో ఆయన ప్రపంచ ఆరోగ్య సంస్థకి రాసిన నివేదిక ముఖ్యంగా ఇల్లూ వాకిలీ లేని పిల్లల గురించి, అనాథాశ్రమాల్లో ఆయాలు మారిపోతూ ఎవరూ తమవాళ్ళు కాని పిల్లల గురించి. అందులో కూడా తల్లి, లేదా తల్లి స్థానంలో స్థిరంగా ఉండే మనిషి అనే రాశారు. పగలు అమ్మమ్మ దగ్గర, రాత్రి అమ్మ పక్కన ఉండే పాపకి ఆ పోలిక తెస్తే ఆ తల్లికి ఉత్తపుణ్యానికి గుండెకోత.

షాఫర్, ఎమర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో 60 మంది పసిపిల్లల్ని నెలల తరబడి ఇళ్ళకి వెళ్ళి చూసి 1964లో రాశారు. ఏడాదిన్నర వచ్చేసరికి ఒక్క మనిషికే చేరికైన పిల్లలు బాగా తక్కువ, చాలామందికి తండ్రో, తాతమామ్మలో, తోబుట్టువులో ఉన్నారు. రోజంతా దగ్గరుండి పాలు పట్టిన మనిషికే ఎక్కువ చేరికవుతారన్న నియమమూ కనబడలేదు, ఏడిస్తే పట్టించుకుని ఆడించేవాళ్ళకి అయ్యారు. అమెరికాలో 1991లో మొదలై 1300 మందికి పైగా పిల్లల్ని వెంబడించిన పెద్ద అధ్యయనం కూడా, తల్లి కాక ఇతరుల సంరక్షణలో గడిపిన గంటల వల్లే తల్లితో బంధం చెడదని చెప్పింది. తల్లి కూడా పిల్లని సరిగ్గా పట్టించుకోనప్పుడు, దానికి నాసిరకం సంరక్షణ లాంటివి తోడైతేనే ఇబ్బంది కనిపించింది.

అమ్మమ్మకి చేరికవడం మీ దగ్గర్నుంచి లాక్కున్నది కాదు తల్లీ. అది మీ పాపకున్న రెండో ఇల్లు.

ఒంటరి_నాన్న:
మా బాబుకి 7 నెలలప్పుడు మేమిద్దరం విడిపోయాం, బాబు నా దగ్గరే. తల్లి లేని పిల్లాడు ఏమైపోతాడో అని అందరూ నా ముందే అనేవాళ్ళు. ఆర్నెల్లు సరిగ్గా నిద్రపోలేదు, అది వేరే సంగతి. వాడు నిద్రపోయేటప్పుడు నా చొక్కా రెండో గుండీ పట్టుకునేవాడు, గుండీ లేని టీషర్ట్ వేసుకుంటే ఛాతీ మీద చేత్తో తడుముతూ వెతికేవాడు. ఒకరోజు మా అక్క వేరే చొక్కా వేసుకుని పడుకోబెట్టబోతే దాని గుండీలన్నీ ఒక్కొక్కటే పట్టుకుని చూసి, చివరికి నా వైపు చేయి చాచాడు. అటాచ్‌మెంట్ అనే మాట నాకు అప్పటికి తెలియదు.

తర్వాత చదివాను. సూసన్ గొలంబాక్ అనే ఆవిడ 1970ల నుంచి ఒంటరి తల్లులు, ఇద్దరు తల్లులున్న ఇళ్ళు, ఐవీఎఫ్‌తో పుట్టిన పిల్లలు ఇలా రకరకాల కుటుంబాల మీద పనిచేశారు. ఇంట్లో ఎవరెవరున్నారన్నదానికన్నా, వాళ్ళు ఒకరితో ఒకరు ఎలా ఉన్నారన్నదే పిల్లల మీద ఎక్కువ పనిచేస్తుందని ఆవిడ మాట. నాకు ఆ ఒక్క వాక్యం చాలా బలమిచ్చింది.

మీ ఆయన విషయంలో ఒకటి చెప్తాను. గారాబం, క్రమశిక్షణ అనే లెక్కలు కాస్త పెద్దయ్యాక పనికొస్తాయి. డయానా బామ్‌రిండ్ అనే మనస్తత్వవేత్త 1960లలో తల్లిదండ్రుల తీరుల్ని విడదీసి చెప్పింది బడి ఈడుకి ముందున్న, మాట అర్థమయ్యే పిల్లల్ని చూసి. అక్కడ కూడా బాగున్నది ఆప్యాయత, హద్దులు రెండూ ఉన్న తీరే. 11 నెలల పిల్ల ఏడుపు మారాం కాదండి, దానికి ఉన్న ఒకే ఒక్క మాట అది. పలికితే పలకడం నేర్చుకుంటారు. ప్రతిసారీ పరిగెత్తలేకపోతే కూడా పరవాలేదు. తల్లీబిడ్డా ఒకరికొకరు సరిగ్గా అందిపుచ్చుకునేది మంచి బంధాల్లో కూడా సుమారు 30 శాతం సమయమేనని పసిపిల్లల మీద పరిశోధన చేసిన ఎడ్ ట్రానిక్ చెప్పారు, మిగతాది తప్పిపోవడం, మళ్ళీ సర్దుకోవడం. ఒకసారి ఎత్తుకుని ఒకసారి ఆగితే పాప అయోమయంలో పడదు. పాప ముందు మీరు ముగ్గురూ దాని గురించి గొడవపడితే మాత్రం బెదురుతుంది, ఇది నేను మా ఇంట్లో చూశాను.

వెన్నెల_అమ్మ:
అందరికీ థాంక్స్, ఇవన్నీ మూడుసార్లు చదివాను. ఇద్దరు పిల్లల తల్లి గారూ, మీరు మనసులో మాట చెప్పారు, బాధ లేదు.

నాలుగు రోజులుగా టీచర్ గారు చెప్పినట్టు చేస్తున్నాను. మొదటి రోజు నేల మీద కూర్చుంటే అమ్మ ఒళ్ళోంచి నన్నే చూస్తూ ఉంది, రాలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజు నా బ్యాగ్ జిప్ లాగడానికి పాక్కుంటూ వచ్చింది, తాళాలు బయటికి తీసి నా అరచేతిలో పెట్టింది, మళ్ళీ తీసుకుంది, మళ్ళీ పెట్టింది. ఒక ఇరవై సార్లు అదే ఆట. తర్వాత తలకాయ నా మోకాలి మీద ఆనించి కాసేపు అలాగే ఉండిపోయింది, నేను కదల్లేదు.

పడిపోతే ఎవరి దగ్గరికి వస్తుందని అడిగారు కదా. రాత్రి మంచం అంచుకి తల తగిలింది. అమ్మ, మా ఆయన, నేను ముగ్గురం గదిలోనే ఉన్నాం, మా ఆయనే దగ్గర. చుట్టూ చూసి నా వైపు వచ్చింది. ఎత్తు మరుగుతుంది అన్న మనిషి పక్కకి జరిగి దారిచ్చారు.

పొద్దున మొహం చూపించి చెప్పి వెళ్తున్నాను, ఏడుస్తూనే ఉంది. నేను వెళ్ళాక ఎంతసేపు ఏడుస్తోందో అమ్మని గడియారం చూడమన్నాను, ఇవాళ నాలుగు నిమిషాలట.