అప్‌డేట్: ఉన్న పట్టికను లేదన్న డేటాబేస్ దారికొచ్చింది

పర్లాకిమిడిలో మా బాబాయి బియ్యం మిల్లు లెక్కలకు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడుతున్నానని, ‘మిల్లు’ స్కీమాలో (డేటాబేస్‌లో పట్టికలను విడివిడిగా పెట్టుకునే అర లాంటిది) పట్టిక కళ్ల ముందే ఉన్నా ప్రోగ్రాం మాత్రం అది లేదంటోందని పోయిన వారం అడిగాను. డేటాబేస్‌కు సెర్చ్ పాత్ (పట్టికను ఏయే స్కీమాల్లో వెతకాలో చెప్పే అమరిక) మార్చినా ఫలితం లేదనీ రాశాను. సమస్య తీరింది. తప్పు నాదే.

డేటాబేస్‌కు పెట్టిన అమరిక కంటే యూజర్‌కు పెట్టినదే చెల్లుతుంది. ఏడాది కిందట ప్రోగ్రాం వాడే యూజర్‌కు ఆల్టర్ రోల్ ఆదేశంతో సెర్చ్ పాత్‌ను ‘పబ్లిక్’ (మామూలుగా ఉండే స్కీమా) అని పెట్టి హాయిగా మరిచిపోయాను. నేను పరీక్షించిందేమో వేరే యూజర్‌తో! అందుకే నాకు కనిపించిన పట్టిక ప్రోగ్రాంకు కనిపించలేదు. ‘షో సెర్చ్ పాత్’ అని ప్రోగ్రాం నుంచే అడిగించాక పాత పాపం బయటపడింది.

ఆ అమరికను రీసెట్ చేసినా అరగంట పాటు అదే తంతు. కొత్త విలువ కొత్త కనెక్షన్లకే వర్తిస్తుంది. ప్రోగ్రాం మళ్లీ మళ్లీ వాడుకోవడానికి తెరిచి ఉంచుకునే పూల్‌లోని పాత కనెక్షన్లు పాత దారినే పట్టుకుని కూర్చున్నాయి. ప్రోగ్రాం ఆపి మళ్లీ మొదలుపెడితే సరిపోయింది.

స్కీమా మీద యూసేజ్ అనుమతి (అందులోని వాటిని చేరుకునే హక్కు) లేదేమో చూడమని ఒకరు అన్నారు. నా విషయంలో అది కాదు గానీ మంచి సలహా: అనుమతి లేని స్కీమాను సెర్చ్ పాత్ చడీచప్పుడు లేకుండా దాటేస్తుంది.

ఇదంతా వివరిస్తే బాబాయి, “బస్తాల లెక్క కుదిరిందా?” అన్నాడు. కుదిరింది.