బొమ్మ తుపాకీ బడికి తీసుకెళ్తే మీ పిల్లల స్కూల్లో ఏం చేశారు?

పటమట అమ్మ:
శివరాత్రికి మా పుట్టిల్లు నరసరావుపేట వెళ్లాం. కోటప్పకొండ తిరునాళ్లలో మావాడు ఏడ్చి మరీ ఒక తుపాకీ కొనిపించుకున్నాడు. వాడిది నాలుగో తరగతి. కొట్టువాడు నూటయాభై చెప్తే వందకి బేరమాడాను. నల్లది, స్ప్రింగుది. పచ్చ గుళ్లు వేసి లాగి వదిలితే గోడకి తగిలి టప్‌మని వెనక్కి వస్తాయి. సోమవారం నాకు తెలియకుండా లంచ్ బ్యాగులో పెట్టుకుని పోయాడు.

పదకొండింటికి స్కూలు నుంచి ఫోను. 'అర్జంటుగా రండి' అన్నారు గానీ ఎందుకో చెప్పలేదు. స్కూటీ మీద బెంజిసర్కిల్ దాటేదాకా వాడికి కాలో చెయ్యో విరిగిందనే అనుకున్నా. తీరా వెళితే ప్రిన్సిపాల్ బల్లమీద, అటెండెన్స్ రిజిస్టర్ల పక్కన, ఆ తుపాకీ. మావాడు గది బయట గోడవైపు మొహం పెట్టి నిలబడి ఉన్నాడు. ఎవర్నీ కొట్టలేదట, ఇంటర్వెల్‌లో పక్కవాడికి చూపించాడంతే. మర్నాడు అసెంబ్లీలో అందరి ముందూ నిలబెట్టి 'ఇలాంటివాళ్లే రేపు రౌడీలవుతారు' అన్నారు. ఇంకోసారి జరిగితే టీసీ ఇస్తామని రాసి నాతో సంతకం పెట్టించుకున్నారు. అప్పట్నుంచీ పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు. తప్పు మావాడిదే, కాదనను. కానీ నిజంగా టీసీ ఇచ్చేస్తారా?

అరండల్‌పేట నాన్న:
మా వాడి స్కూల్లో ప్లాస్టిక్ కత్తికి 500 ఫైన్ వేశారండీ. రసీదు ఇవ్వలేదు, కత్తీ ఇవ్వలేదు. ఇంతకీ ఆ కత్తి కొన్నది ఎందుకనుకున్నారు? ఆగస్టు 15న ఝాన్సీ లక్ష్మీబాయి వేషానికి కత్తి తెమ్మని మా పెద్దదాని డైరీలో రాసింది ఆ స్కూలే. అల్లూరి వేషం వేసినవాడికి విల్లంబులతో సహా ఫస్ట్ ప్రైజ్ ఇచ్చారు.

కొత్తపేట అమ్మ:
నేను అవతలివైపు నుంచి చెప్తాను. పోయిన దీపావళి సెలవులయ్యాక మా పాపని వెనక బెంచీ అబ్బాయి ఇలాంటి తుపాకీతోనే కొట్టాడు. గుండు కనుబొమ్మ కింద తగిలింది. టీచరు ఐసుముక్క పెట్టి కూర్చోబెట్టారు, మాకు ఫోను చేయలేదు. సాయంత్రం అడిగితే నొప్పి లేదంది. అన్నం తింటూ ఒక కన్ను మూసి 'అమ్మా, ట్యూబ్‌లైట్ పొగలో ఉన్నట్టుంది' అంది. ఆ రాత్రే పరిగెత్తాం. నల్లగుడ్డు ముందు రక్తం చేరిందన్నారు. వారం రోజులు తల ఎత్తుగా పెట్టి పడుకోబెట్టాం, ఆటల్లేవు, పరుగుల్లేవు. చూపు వచ్చింది, కానీ కంటి ప్రెజర్ మాత్రం ఇప్పటికీ చూపించుకుంటూనే ఉన్నాం. 'చూపించాడంతే' అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఏమీ అనుకోకండి.

పటమట అమ్మ:
ఏమీ అనుకోను అక్కా. గుళ్లు కంటికి తగిలితే అన్న ఆలోచనే నాకు రాలేదు.

కంటి ఆస్పత్రి ఉద్యోగి:
కంటికి దెబ్బ తగిలితే నొప్పి తగ్గినా సరే ఆ రోజే చూపించాలి. నలపకూడదు, నొక్కకూడదు. ఐసుముక్క కంటిమీద అదిమి పెట్టడం కూడా తప్పే. లోపల రక్తం చేరిన కంటికి ఏళ్ల తర్వాత గ్లాకోమా (కంటి ప్రెజర్ పెరిగి చూపు దెబ్బతినే జబ్బు) వచ్చే అవకాశం ఉంటుంది, అందుకే మళ్లీ మళ్లీ రమ్మంటారు. ఇంకో మాట. నీళ్లలో నానేస్తే ఉబ్బే జెల్లీ గుళ్ల తుపాకులు వస్తున్నాయి చూడండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే అసలు కొనకండి. మింగితే పేగులో ఉబ్బి అడ్డుపడతాయి. 2021 జనవరి నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. తిరునాళ్ల కొట్టులో ఆ గుర్తు కోసం వెతికేది ఎవరు లెండి.

సత్యనారాయణపురం తాతయ్య:
మా చిన్నప్పుడు ఆయుధాలు చేతికిచ్చి తిప్పింది బడి పంతులుగారే! దసరా సెలవుల్లో వెదురు విల్లంబులకి రంగు కాగితాలు చుట్టి, పద్యాలు పాడుకుంటూ ఇంటింటికీ వెళ్లేవాళ్లం. బాణం గొట్టంలో పూలరేకులు, బుక్కా పొడి పెట్టి ఇంటివాళ్ల మీద జల్లేవాళ్లం. పంతులుగారికి దక్షిణ, మాకు పప్పు బెల్లాలు. ఎవరి కన్నూ పోలేదు. పూలరేకులు కదా మరి.

డాలస్ బాబాయ్:
మాది గుంటూరే, పిల్లలు ఇక్కడ చదువుతున్నారు. అమెరికాలో 1994లో ఫెడరల్ చట్టం వచ్చింది, బడికి నిజం తుపాకీ తెస్తే కనీసం ఏడాది బయటికి పంపాలని. దాని చాటున చాలా బళ్లు బొమ్మలకీ అదే రూలు పట్టించాయి. 2013లో మేరీలాండ్‌లో ఏడేళ్ల పిల్లాడు టిఫిన్ బిస్కెట్టుని తుపాకీ ఆకారంలో కొరికాడని రెండు రోజులు సస్పెండ్ చేశారు. నవ్వొస్తుంది కదా. కానీ 2014 నవంబరులో క్లీవ్‌లాండ్‌లో 12 ఏళ్ల పిల్లాడు పార్కులో బొమ్మ తుపాకీతో ఉంటే, పోలీసు కారులో వచ్చిన రెండు సెకన్లలోనే కాల్చేశాడు. పిల్లాడు చనిపోయాడు. బొమ్మ తుపాకుల మొనకి నారింజ రంగు ఉండాలని ఇక్కడ రూలు. ఆ బొమ్మకి ఆ మొన తీసేసి ఉంది. ఇక్కడి భయానికి ఇక్కడి కారణాలున్నాయి. విజయవాడలో నాలుగో తరగతివాడికి ఆ భయం తగిలించడం ఎందుకో నాకర్థం కాదు.

గుంటూరు టీచర్:
జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా చెప్తున్నాను. నా సొరుగులో ఏముంటాయో చెప్పనా? రెండు ఉండేళ్లు, దీపావళి రీలు తుపాకీ, పుల్లకి దారంతో కట్టిన కంపాస్ ముల్లు, లెక్కలేనన్ని రబ్బరు బ్యాండ్లు. నిజంగా దెబ్బలు తగిలేది ఈ చివరి రెండిటితోనే. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రబ్బరు బ్యాండుతో వదిలితే తొడమీద ఎర్రగా తట్టు తేలుతుంది. దాన్ని మాత్రం ఏ ప్రిన్సిపాలూ ఆయుధం అనడు!

నేను చూసేది ఒక్కటే, అందులోంచి ఏదైనా ఎగిరి బయటికొస్తుందా? వస్తే అమ్మో నాన్నో వచ్చి తీసుకెళ్లాలి. రాకపోతే సాయంత్రం బెల్లయ్యాక వాడికే ఇచ్చేస్తాను. అసెంబ్లీలో మాత్రం నిలబెట్టను. నిలబెడితే గట్టివాడు హీరో అయిపోతాడు, మెత్తనివాడికి కడుపునొప్పి వస్తుంది.

ఒకసారి ఏడో తరగతి అబ్బాయి సంచిలో నిజం కత్తే దొరికింది. స్టాఫ్‌రూమంతా టెన్షన్, ఒక సారైతే స్టేషన్‌కి ఫోను చేద్దామన్నారు. నేను పక్కకి తీసుకెళ్లి అడిగాను. బడి వదలగానే నాన్న బండి దగ్గరికి పోయి తాటిముంజలు కొడతాడట. ఇంటికెళ్లి కత్తి తెచ్చుకుంటే ఆలస్యమవుతుందని సంచిలోనే వేసుకొచ్చాడు. మర్నాటి నుంచి కత్తి బండి మీదే ఉంచమని వాళ్ల నాన్నకి చెప్పాను. అక్కడితో అయిపోయింది. ఆ ఎండాకాలమంతా నాకు ముంజలు ఉచితం, అది వేరే సంగతి.

బ్రాడీపేట లాయర్:
టీసీ సంగతి అడిగారు కదమ్మా. విద్యాహక్కు చట్టం 2009లో 16వ సెక్షన్ ప్రకారం, ఎనిమిదో తరగతి అయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసెయ్యకూడదు. 17వ సెక్షన్ కొట్టడంతోపాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తుంది. ప్రైవేటు స్కూళ్లకీ వర్తిస్తుంది, మైనారిటీ విద్యాసంస్థలకి మాత్రం 2014 సుప్రీంకోర్టు తీర్పుతో మినహాయింపు ఉంది. మీ సంతకం చట్టాన్ని మార్చలేదు. అయితే రేపే నోటీసు పంపమని నేను చెప్పను. నోటీసు అందుకున్న స్కూల్లోనే మీ పిల్లాడు ఇంకా ఆరేళ్లు చదవాలి. ముందు మాట్లాడండి. ఆ కాగితం కాపీ ఒకటి అడిగి తీసుకోండి.

పటమట అమ్మ:
పది రోజుల తర్వాత రాస్తున్నాను. ప్రిన్సిపాల్ దగ్గరికి కాకుండా ముందు క్లాస్ టీచర్ దగ్గరికి వెళ్లాను. కడుపునొప్పి సంగతి చెప్తే ఆవిడ ఖంగుతిన్నారు. ఆవిడే లోపలికి తీసుకెళ్లారు. సార్ సారీ చెప్పలేదు, చెప్తారని నేనూ అనుకోలేదు. కాగితం కాపీ అడిగేసరికి మాత్రం తీసి చూసి, టీసీ వాక్యం కొట్టేసి పక్కన సంతకం పెట్టారు. కొత్తపేట అక్క చెప్పింది నేనూ చెప్పాను, దెబ్బ తగిలితే చిన్నదైనా ఫోను చేయండి సార్ అని. సరేనన్నారు.

తుపాకీ తిరిగిచ్చారు. ఇంటికొచ్చి మావాడి ముందే అడుగు దూరం నుంచి పేపరు మీద కొట్టి చూశాను. చిల్లు పడింది. వాడు ఆ చిల్లులో వేలు పెట్టి చూసి ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడది అటకమీద ఉంది. వంద రూపాయలిచ్చి కొన్నది నేనే కదా, వాడినేమంటాను. కడుపునొప్పి తగ్గింది, సోమవారాలు మాత్రం ఇంకా కొంచెం ఉంటోంది.

ఉగాదికి మళ్లీ నరసరావుపేట వెళ్తున్నాం. తిరిగొచ్చాక వాడి బ్యాగు నేనే సర్దుతాను.

గుంటూరు టీచర్:
కంపాస్ బాక్సు కూడా తెరిచి చూడమ్మా. రబ్బరు బ్యాండ్లు అందులోనే ఉంటాయి.