పలచబడిన జుట్టుపై హెయిర్ ఫైబర్లను రోజూ చల్లుకోవడం సురక్షితమేనా?

ప్రశ్న: పలచని పాపిడి

కొన్నేళ్ళుగా నా నడినెత్తిన జుట్టు పలచబడుతూ వస్తోంది. రోజూ నలుగురి ఎదుట నిలబడి మాట్లాడవలసిన ఉద్యోగం కావడంతో, తలపై చల్లుకునే హెయిర్ ఫైబర్లను వాడడం మొదలుపెట్టాను. చూపులకు ఫలితం బాగానే ఉంది. అయితే ఉదయం చల్లిన పొడి రాత్రి వరకు తలపైనే ఉంటే కుదుళ్ళు మూసుకుపోయి, ఉన్న జుట్టు కూడా ఊడిపోతుందని ఒక మిత్రుడు హెచ్చరించారు. తలస్నానం చేసేటప్పుడు నల్లగా కొట్టుకుపోయేది ఆ పొడేనా, నా జుట్టా అన్నది కూడా తేల్చుకోలేకపోతున్నాను. వీటితో పాటు ఉదయం, రాత్రి జుట్టు పెరగడానికి వాడే 5 శాతం మినాక్సిడిల్ మందు ద్రావణం రాసుకుంటున్నాను. ఈ రెండింటినీ ఏళ్ళ తరబడి కలిపి వాడవచ్చునా? విషయం తెలిసినవారు వివరించగలరని మనవి.

జవాబు: రసాయనశాల

సౌందర్య సాధనాల తయారీ రంగంలో పనిచేస్తున్నాను కనుక, ముందుగా ఆ డబ్బాలో ఉండేదేమిటో చెబుతాను. చాలా రకాల ఫైబర్లను గొర్రె ఉన్ని నుంచి తీసిన కెరటిన్ అనే ప్రోటీన్‌తో చేస్తారు. మన వెంట్రుక కూడా ప్రధానంగా కెరటినే. మరికొన్నింటిని పత్తి, రేయాన్ వంటి పోగులతో చేస్తారు. చాలా చిన్న ముక్కలుగా కత్తిరించి రంగు అద్దిన ఈ పోగులు స్థిరవిద్యుత్తు వల్ల వెంట్రుకలను అంటిపెట్టుకుంటాయి. ఆ వెంట్రుకే వాటికి ఆధారం కాబట్టి, జుట్టు పూర్తిగా పోయిన చోట అవి నిలవవు.

కుదుళ్ళు మూసుకుపోతాయన్న భయం అనవసరం. వెంట్రుకను పుట్టించే సజీవ భాగం చర్మం లోపల కొన్ని మిల్లీమీటర్ల లోతున ఉంటుంది; దానికి కావలసిన ఆక్సిజన్, పోషకాలు రక్తం ద్వారా అందుతాయి గాని పైనున్న గాలి నుంచి కాదు. పైగా ఆ రంధ్రంలో వెంట్రుక, జిడ్డు రెండూ లోపలి నుంచి బయటికి వచ్చేవే.

నన్నడిగితే, కుదుళ్ళకన్నా ముందు ఊపిరితిత్తుల గురించి ఆలోచించాలి. డబ్బాను తలపై దులిపినప్పుడు లేచే సన్నని ధూళిని రోజూ పీల్చడం ఎవరికీ మంచిది కాదు, ఉబ్బసం ఉన్నవారికి అసలే కాదు. గాలి ఆడే చోట నిలబడి, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి చల్లుకుని, ధూళి అణిగాక పక్కకు జరగడం ఉత్తమం. కాంటాక్ట్ లెన్సులు వాడేవారు ఈ పని ముగించి, చేతులు కడుక్కున్నాకే వాటిని పెట్టుకోవాలి.

డబ్బాపై “సహజం” అని రాసి ఉన్నంత మాత్రాన అలర్జీ రాదని అనుకోవద్దు. రంగులు, సువాసనలు, నిల్వ కోసం కలిపే రసాయనాలు కూడా అందులో ఉంటాయి. డీఎండీఎం హైడాంటోయిన్ వంటివి కొద్దికొద్దిగా ఫార్మాల్డిహైడ్‌ను విడుదల చేస్తాయి; అది కొందరి చర్మానికి సరిపడదు.

జవాబు: చర్మవైద్యురాలు

పై వివరణతో ఏకీభవిస్తున్నాను. వంశపారంపర్యంగా వచ్చే బట్టతలలో డైహైడ్రోటెస్టోస్టెరాన్ అనే హార్మోన్ ప్రభావానికి కుదుళ్ళు క్రమంగా కుంచించుకుపోయి, వెంట్రుక రాలి మళ్ళీ మొలిచే ప్రతి విడతలోనూ ముందుకన్నా సన్నని, పొట్టి వెంట్రుకను పుట్టిస్తాయి. ఫైబర్లు ఆ ప్రక్రియను వేగవంతం చేయవు, ఆపనూ ఆపవు.

నేను గమనించే అసలు ఇబ్బంది వేరే ఉంది. రోజూ కప్పిపుచ్చుకునేవారు తమ తలమీది చర్మాన్ని తాము చూసుకోవడమే మానేస్తారు. జుట్టు రాలడానికి కారణం వంశపారంపర్యమే కానక్కరలేదు. థైరాయిడ్ లోపం కావచ్చు, ఇనుము లోపం కావచ్చు, రెండు మూడు నెలల క్రితం వచ్చిన తీవ్ర జ్వరం కావచ్చు. ఇవన్నీ సరిచేయదగినవి. కాని మచ్చ మిగిల్చే రకం బట్టతల కూడా ఉంది. అందులో వాపు వల్ల కుదుళ్ళు నశించి, చర్మం నున్నగా మారి, వెంట్రుక రంధ్రాలే కనబడకుండా పోతాయి. పోయిన జుట్టు తిరిగి రాదు కనుక ఆలస్యం చేసిన కొద్దీ నష్టం పెరుగుతుంది. మంట, నొప్పి, చీము పొక్కులు, గుండ్రని ఖాళీలు ఉన్నచోట ఫైబర్లు చల్లకుండా వైద్యులకు చూపించాలి. జుట్టు మార్పిడి శస్త్రచికిత్స చేయించుకున్నవారు గాయాలు పూర్తిగా మానాయని సర్జన్ చెప్పేవరకు వీటిని ముట్టుకోకూడదు.

రాలేది జుట్టా, పొడా అన్నది తేల్చుకోవడం సులువే. నీళ్ళు పోయే చోట తెల్లని గుడ్డ పరచి చూడండి. సహజంగా రాలిన వెంట్రుక పొడవుగా ఉండి, ఒక కొసన చిన్న తెల్లని బొడిపె కనబడుతుంది. ఫైబర్లు పొట్టి తునకలుగా, బురదలా ఉంటాయి. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే.

మినాక్సిడిల్ విషయంలో క్రమం ముఖ్యం. అది చర్మానికి తగలాలి. పొడి ఉన్న తలపై రాస్తే చాలా భాగం ఆ పోగులకే అంటుకుపోతుంది, ఉండలూ కడుతుంది. శుభ్రమైన, తడి లేని తలపై ముందు మందు రాసి, అది పూర్తిగా ఆరాకే ఫైబర్లు చల్లుకోవాలి; రాత్రి వాటిని కడిగేశాకే రెండో మోతాదు రాసుకోవాలి.

జవాబు: పాత వాడుకరి

చాలాకాలంగా వాడుతున్నవాడిగా ఒక మాట. నాకు ఇబ్బంది కలిగించింది పొడి కాదు, దాన్ని నిలిపి ఉంచే స్ప్రే. అది వెంట్రుకలను బిరుసెక్కిస్తుంది. కడిగేటప్పుడు చిక్కులు పడితే గోళ్ళతో గీకాలనిపిస్తుంది, పలచని జుట్టు ఆ మొరటుదనాన్ని తట్టుకోలేదు. ఇప్పుడు వాన, గాలి ఉన్న రోజుల్లో తప్ప స్ప్రే జోలికి పోను. వైద్యురాలు గారు చెప్పిన ప్రమాదం నిజమే గాని, అందుకు ఫైబర్లు మానేయనక్కరలేదు. నెలకొకసారి, పొడి లేని తడి లేని తలను ఒకే వెలుతురులో, ఒకే కోణంలో ఫోటో తీసి దాచుకుంటే చాలు. పలచదనం పెరుగుతోందా లేదా అన్నది అద్దం కన్నా ఆ ఫోటోలే నిక్కచ్చిగా చెబుతాయి.

ప్రశ్న వేసినవారు: పలచని పాపిడి

అందరికీ ధన్యవాదాలు. ఒక విషయం ముందే చెప్పవలసింది: సాయంత్రానికి నడినెత్తిన దురద పుడుతుంది, కొద్దిగా పొట్టు రాలుతుంది. ఎర్రదనం గాని, నొప్పి గాని లేవు. ఇది ఫైబర్ల వల్లేనా?

జవాబు: చర్మవైద్యురాలు

కావచ్చు, కాకపోవచ్చు, మీ విషయంలో అనుమానించవలసినవి మూడున్నాయి. ఫైబర్లు ఒకటి. రెండవది మినాక్సిడిల్ ద్రావణమే: అందులో మందును కరిగించడానికి కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్ కొందరికి దురద, పొట్టు కలిగిస్తుంది. నురగ రూపంలోని మినాక్సిడిల్‌లో సాధారణంగా అది ఉండదు. మూడవది మామూలు చుండ్రు. రెండు వారాల పాటు ఫైబర్లను, స్ప్రేను ఆపి, మినాక్సిడిల్‌ను మాత్రం కొనసాగించండి. దురద తగ్గితే ఆపినవాటినే అనుమానించాలి. అప్పుడు ఫైబర్లను ముందుగా మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి, రెండు మూడు రోజులు గమనించండి, ఎందుకంటే అలర్జీ వెంటనే బయటపడకపోవచ్చు. తగ్గకపోతే ద్రావణం మార్చి నురగ వాడే విషయం మీ వైద్యులతో మాట్లాడండి, చుండ్రుకు కీటోకొనజోల్ షాంపూ అవసరమా అని కూడా అడగండి. చూపించడానికి వెళ్ళే రోజున మాత్రం తలపై ఏమీ చల్లుకోవద్దు.